సైకిల్‌కు హబ్ మోటారు కిట్టు: విశాఖ ఎత్తుపల్లాల మీద రోజువారీ వాడకంలో తేలిన సంగతులు

మామూలు గేర్ల సైకిల్ వెనుక చక్రం నడిమధ్యన, అంటే హబ్‌లో, మోటారు బిగించుకుని రోజూ ఆఫీసుకు వెళ్లిరావచ్చా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: నిక్షేపంగా వెళ్లవచ్చు. అయితే ఈ కిట్లు అమ్మేవారు పెద్ద అక్షరాలతో చూపించే వాట్ల లెక్క, కొనేవారు చూసి మురిసిపోయే ఆ అంకె, ఈ వ్యవహారంలో అన్నింటికంటే తక్కువ ముఖ్యమైనది. బ్యాటరీ డబ్బాలో నిజంగా ఎంత సరుకుందో, మోటారు ఇరుసును ఫ్రేము ఎంత గట్టిగా పట్టుకుందో, పెరిగిన బరువునూ వేగాన్నీ ఆపగల బ్రేకులు ఆ సైకిల్‌కు ఉన్నాయో లేదో చూసుకోకుండా కొన్న కిట్టు ఎంత ఖరీదైనదైనా కొన్ని నెలల్లోనే మూలన పడుతుంది. నేను వాడుతున్న కిట్టు మూలన పడలేదు. దానికి కారణాలేమిటో, దానిలో లోపాలేమిటో వివరంగా చెప్పదలచుకున్నాను.

ఇది 36 వోల్టుల, 250 వాట్ల గేర్డ్ హబ్ మోటారు కిట్టు. ఇంచుమించు ఇలాంటి మోటారు, ఇలాంటి కంట్రోలరే మన మార్కెట్లో రకరకాల పేర్లతో దొరుకుతాయి కాబట్టి, పేరుకంటే లోపలి సరుకును పోల్చి చూసుకోవడమే కొనేవారికి ఉపయోగం. 26 అంగుళాల రిమ్ములో స్పోకులతో సహా కట్టి పంపిన మోటారు, దానికి కరెంటును అదుపుగా అందించే కంట్రోలరు పెట్టె, పెడల్ దగ్గర బిగించే అయస్కాంతాల బిళ్ల, దాని సెన్సరు, తొక్కకుండానే మోటారును నడపడానికి బొటనవేలితో నొక్కే త్రాటిల్, బ్రేకు నొక్కగానే మోటారును ఆపే రెండు లివర్లు, చిన్న డిస్‌ప్లే, తాళంచెవితో తీసి పెట్టుకోగల 10 ఆంపియర్ అవర్ల లిథియం అయాన్ బ్యాటరీ, 2 ఆంపియర్ల చార్జరు అందులో వచ్చాయి. అన్నీ కలిపి నాకు 23 వేల రూపాయల పైచిలుకు అయింది. అందులో సగానికి మించి బ్యాటరీదే.

నా దారి ఎం.వి.పి. కాలనీ నుంచి హైవే ఎక్కి, హనుమంతవాక, జూ పార్కు, ఎండాడల మీదుగా రుషికొండ ఐటీ కొండల దాకా. దూరం పది కిలోమీటర్లకు అటూ ఇటూ. చదునైన ఊళ్లో ఇది పెద్ద దూరం కాదు. కాని విశాఖలో ఎటు వెళ్లినా ఒక కొండ భుజం ఎక్కి దిగాల్సిందే. హనుమంతవాక దాటిన తరువాత వచ్చే ఎత్తు, చివర్లో ఐటీ కొండ మీదికి ఎక్కే మలుపు, ఈ రెండింటి వల్లే చాలామంది సైకిల్ ఆలోచన మానుకుంటారు. ఆఫీసుకు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయితే, మన తీరప్రాంతపు ఉక్కపోతలో అది ఆరేది కూడా కాదు.

ఎత్తు ఎక్కడానికి ఎంత శక్తి కావాలో లెక్క కడితే ఈ కిట్టు విలువ బాగా తెలుస్తుంది. మనిషి, సైకిల్, సంచి కలిపి 95 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే చక్రం దగ్గర సుమారు 260 వాట్లు కావాలి. క్రీడాకారులు కాని మనలాంటి వాళ్లు చెమటలు కక్కకుండా చాలాసేపు తొక్కగలిగేది 100 వాట్ల చుట్టుపక్కల. మోటారు తోడు లేకపోతే అదే ఎత్తును గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో, అంటే చకచకా నడిచే మనిషితో సమానంగా, హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోతుండగా ఎక్కాలి. పక్క నుంచి లారీలు దూసుకుపోయే హైవే మీద ఆ ఊగుడే అసలు ప్రమాదం. మోటారు వచ్చాక ఎండాడ ఎత్తులో సైకిల్ నిటారుగా, ఒకే గీత మీద నడిచిపోతుంది. వేగం పెరిగిందని కాదు, ఈ నిలకడ వచ్చిందని ఈ కిట్టును నేను ఎక్కువగా మెచ్చుకుంటాను.

250 వాట్లు చాలవేమో, 500 తీసుకుందామా అని చాలామంది ఆలోచిస్తారు. కంట్రోలరు గరిష్ఠంగా 15 ఆంపియర్లు ఇవ్వగలదు కాబట్టి, ఎత్తులో కొద్దిసేపు బ్యాటరీ నుంచి 500 వాట్లకు పైగానే లాగుతుంది. మోటారు మీద రాసిన 250 అనేది అది ఎక్కువసేపు వేడెక్కకుండా ఇవ్వగలిగిన శక్తి. పైగా 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, అరగంట పాటు ఇవ్వగల శక్తి 0.25 కిలోవాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ వాహనాలనే మోటారు వాహనాల లెక్కలోంచి మినహాయించారు. ఆ హద్దు దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అన్నీ అవసరమవుతాయి. పరీక్షా సంస్థ ధ్రువీకరణ కూడా ఆ నిబంధనలో భాగమే కనుక, కిట్టు అమ్మేవారి దగ్గర ఆ కాగితం ఉందేమో ముందే అడిగి చూసుకోవాలి. డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి వేగం హద్దు తీసేయడం ఎలాగో చూపించే వీడియోలకు కొదవ లేదు. సైకిల్ బ్రేకులతో, సైకిల్ టైర్లతో గంటకు 35, 40 కిలోమీటర్ల వేగంలో మన రోడ్ల మీద వెళ్లడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

హబ్ మోటార్లలో రెండు రకాలున్నాయి. డైరెక్ట్ డ్రైవ్ రకంలో లోపల గేర్లుండవు, అది పెద్దదిగా, బరువుగా ఉంటుంది, కరెంటు ఆపి తొక్కితే అయస్కాంతాల వల్ల చక్రాన్ని ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంటుంది. గేర్డ్ రకంలో చిన్న మోటారు లోపల వేగంగా తిరిగి, నైలాన్ గేర్ల ద్వారా చక్రాన్ని నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. దానిలో ఒక క్లచ్ ఉండడం వల్ల కరెంటు లేనప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేవారు గేర్డ్ రకమే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. బ్యాటరీ అయిపోయిన రోజున ఇది ఆరేడు కిలోల అదనపు బరువున్న మామూలు సైకిల్‌గా మిగులుతుంది, తొక్కుకుంటూ ఇంటికి చేరవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి గేర్లు సన్నగా గుయ్‌మంటాయి, ట్రాఫిక్‌లో అది వినిపించదు. ఇవి కాక పెడళ్ల మధ్యలో బిగించే మిడ్ డ్రైవ్ మోటార్లున్నాయి. చైనాలోని బఫాంగ్ కంపెనీ తయారుచేసే బీబీఎస్ వరుస వాటిలో పేరున్నది. సైకిల్ గేర్లను వాడుకుంటాయి కాబట్టి నిటారు ఎత్తుల్లో వాటిదే పైచేయి. కాని వాటి ధర ఎక్కువ, మోటారు బలమంతా చైను మీదే పడడం వల్ల చైను, వెనుక పళ్ల చక్రాలు త్వరగా అరుగుతాయి.

బిగింపు సంగతికి కొంచెం ఎక్కువ స్థలం కేటాయించక తప్పదు, ఎందుకంటే ఈ కిట్టులో అసలు జాగ్రత్త పడాల్సిన చోటు అదే. మామూలు సైకిల్ ఇరుసు ఊరికే కూర్చుని ఉంటుంది, దాని మీద చక్రం తిరుగుతుంది. హబ్ మోటారు చక్రాన్ని ముందుకు తిప్పినంత బలంతో తన ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుంది. ఆ ఇరుసు 12 మిల్లీమీటర్ల లావుంటుంది. రెండు పక్కలా చదునుగా చెక్కి 10 మిల్లీమీటర్ల వెడల్పు చేస్తారు, ఆ చదును భాగాలే ఫ్రేము గాడిలో ఇరుక్కుని తిరగకుండా నిలబడాలి. గాడి అల్యూమినియందై, నట్టు కాస్త వదులైతే, కొన్నాళ్లకు గాడి నోరు తెరుచుకుంటుంది. ఒకసారి ఇరుసు తిరిగిందంటే దాని బోలులోంచి వచ్చే మోటారు వైర్లు మెలిపడి తెగిపోతాయి, చక్రం ఫ్రేములోంచి జారిపోవచ్చు కూడా. దీనికి విరుగుడు టార్క్ ఆర్మ్ అనే చిన్న ఉక్కు పట్టీ. ఒక చివర ఇరుసు చదునుకు సరిగ్గా సరిపోయే రంధ్రం, రెండో చివర ఫ్రేము గొట్టానికి బిగించే క్లాంపు ఉంటాయి. నా కిట్టులో ఆ పట్టీ లేదు, విడిగా కొన్నాను. ఇరవై మూడు వేల సరుకుకు కొన్ని వందల రూపాయల ఈ ముక్కను జతచేయకుండా అమ్మడం నాకు ఏమాత్రం నచ్చని విషయం.

ముందు చక్రంలో బిగించే కిట్లు తేలిక, చైను జోలికి వెళ్లనక్కర లేదు అని చెబుతారు. ముందు ఫోర్కు ఉక్కుదైతే అది నిజమే. షాక్ అబ్జార్బర్లున్న ఫోర్కు అయితే దాని అడుగున ఉండే పోత లోహపు గాడులు ఈ తిప్పుడు బలం కోసం చేసినవి కావు, అవి విరిగితే మనిషి బోర్లా పడతాడు. అందుకే నేను వెనుక చక్రం కిట్టునే ఎంచుకున్నాను. కొనేముందు ఫ్రేము వెనుక గాడుల మధ్య దూరం కొలిచి చూసుకోవాలి, 135 మిల్లీమీటర్లుంటే గేర్ల సైకిళ్ల కోసం చేసిన కిట్టు కూర్చుంటుంది. డిస్కు బ్రేకు సైకిళ్లలో ఇంకో చిక్కుంది. మోటారు డొక్క లావుగా ఉండడం వల్ల, డిస్కును ప్యాడ్లతో పట్టే బ్రేకు క్యాలిపరుకు రాసుకుంటుంది. నా సైకిల్‌కు అదే జరిగితే మా వీధి మెకానిక్కు ఇరుసుకు ఒక పక్క సన్నని వాషర్లు వేసి, వెనుక పళ్ల చక్రాలుండే ఫ్రీవీల్ వైపు చైను తగలకుండా చూసుకుని, క్యాలిపరును జరిపి సరిచేశాడు. మొదటి కొన్ని వారాల్లో కొత్త స్పోకులు సాగి వదులవుతాయి కాబట్టి, ఒకసారి మళ్లీ తీసుకువెళ్లి బిగింపు సరిచూపించుకుని, రిమ్ము వంకర తీయించుకోవాలి. ఇది చేయనివారి చక్రాల్లోనే స్పోకులు తెగుతుంటాయి.

పంక్చర్ పడితే ఎలా అన్నది చాలామంది భయం. మోటారు చక్రాన్ని విప్పాలంటే వైరు కనెక్టరు ఊడదీసి, 18 మిల్లీమీటర్ల స్పానరుతో నట్లు తీసి, టార్క్ ఆర్మ్ విప్పాలి, రోడ్డు పక్కన అది నిజంగానే శ్రమ. అయితే మన పంక్చర్ షాపుల పాత పద్ధతిలో చక్రం విప్పే పనే లేదు. సైకిల్‌ను తలకిందులు చేసి, టైరును ఒక పక్కకు మాత్రమే రిమ్ము మీంచి లేపి, ట్యూబును ఆ సందులోంచి బయటికి లాగి, నీళ్ల తొట్టిలో బుడగలు చూసి, గీకి ప్యాచీ వేస్తారు. హనుమంతవాక దగ్గర ఒక పెద్దాయన మోటారును చేత్తో కూడా తాకకుండా ఈ పని ముగించాడు. ట్యూబు మొత్తం మార్చాల్సి వస్తే తప్ప చక్రం ఊడదీసే అవసరం రాదు. కాస్త మందంగా ఉన్న టైర్లు వేయించుకుంటే ఆ అవసరం ఇంకా అరుదు.

ఇక బ్యాటరీ. 36 వోల్టులను 10 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 360 వాట్ అవర్లు, బ్యాటరీలో నిలవుండే శక్తి అదే. త్రాటిల్ నొక్కుకుంటూ పెడల్ ముట్టకుండా వెళ్తే కిలోమీటరుకు 13, 15 వాట్ అవర్ల దాకా తింటుంది, తొక్కుతూ మోటారును తోడుగా మాత్రమే వాడితే 8 నుంచి 10 మధ్యలో సరిపెట్టుకుంటుంది. అంటే ఒకే బ్యాటరీ వాడే తీరును బట్టి పాతిక కిలోమీటర్లకే చేతులెత్తేయవచ్చు, 35 దాటినా రావచ్చు. ప్రకటనల్లో కనిపించే 50, 60 కిలోమీటర్లు చదునైన రోడ్డు మీద, తేలికైన మనిషి, కనిష్ఠ సహాయంతో తొక్కితే వచ్చే లెక్క. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి ఐదు గంటల పైనే పడుతుంది, కరెంటు మాత్రం అర యూనిట్టు కూడా ఖర్చు కాదు.

ఈ డబ్బాల మీద రాసే అంకెల్లో మోసం ఎక్కువ. దాన్ని పట్టుకోవడానికి ఇంట్లో తక్కెడ చాలు. 36 వోల్టుల బ్యాటరీలో పది సెల్లుల వరుసలుంటాయి. మామూలుగా వాడే 18650 రకం సెల్లు ఒకటి 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. రెండున్నర ఆంపియర్ అవర్ల సెల్లులతో 10 ఆంపియర్ అవర్లు రావాలంటే అలాంటి వరుసలు నాలుగు, అంటే నలభై సెల్లులు కావాలి, అవే 1.8 కిలోలకు పైన తూగుతాయి, పైన డబ్బా, లోపల సెల్లులను కాపాడే బీఎంఎస్ సర్క్యూట్, వైర్లు కలిపితే రెండు కిలోలు దాటాలి. బాగా ఖరీదైన సెల్లులు వాడితే కొంత తగ్గవచ్చు. కాని కిలో బరువున్న డబ్బా మీద 10 ఆంపియర్ అవర్లని రాసి ఉంటే అది నమ్మదగిన సరుకు కాదు. నాకు వచ్చిన డబ్బా తూకం సరిపోయింది, అందుకే ఉంచుకున్నాను.

పూర్తిగా నిండినప్పుడు ఈ రకం బ్యాటరీ 42 వోల్టులు చూపిస్తుంది, 30 వోల్టుల దగ్గర బీఎంఎస్ సరఫరా కట్ చేస్తుంది. డిస్‌ప్లే మీద కనిపించే ఐదు గీతలను నమ్ముకోవద్దు, ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజీ పడిపోయి గీతలు తగ్గుతాయి, దిగేటప్పుడు మళ్లీ పెరుగుతాయి. వోల్టులను అంకెల్లో చూపించే డిస్‌ప్లే ఉన్న కిట్టు దొరికితే అదే తీసుకోవాలి. ఆఫీసులో సైకిల్‌ను కింద స్టాండు దగ్గర పెట్టి, బ్యాటరీని సంచిలో వేసుకుని పైకి తీసుకుపోతాను. ఎండలో గంటల తరబడి సైకిల్ మీదే వదిలేస్తే లోపలి సెల్లుల ఆయుష్షు తరిగిపోతుంది. ఇంటికి రాగానే వేడిగా ఉన్నప్పుడు చార్జింగుకు పెట్టకూడదు, చల్లారనివ్వాలి. రాత్రంతా చార్జింగులో వదిలి పడుకోవడం, ఇంట్లోంచి బయటికి వెళ్లే ఏకైక గుమ్మం పక్కన చార్జింగు పెట్టడం, కిట్టుతో రాని వేరే చార్జరు తగిలించడం, ఈ మూడూ ప్రాణాల మీదికి తెచ్చే పనులు. కింద పడి సొట్టపోయిన బ్యాటరీని పనిచేస్తోంది కదా అని వాడడం కూడా అలాంటిదే.

పెడల్ సెన్సరు ఈ కిట్టులో బలహీనమైన భాగం. పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే దానికి తెలుసు, మనం ఎంత బలంగా తొక్కుతున్నామో దానికి తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరేటప్పుడు పెడల్ సగం చుట్టు తిరిగేదాకా మోటారు అందుకోదు, ఆ తరువాత ఒక్కసారిగా తోస్తుంది. వెంకోజీపాలెం దగ్గర ఆటోల మధ్య ఇరుక్కుని నెమ్మదిగా కదిలేటప్పుడు ఈ తోపు ఇబ్బంది పెడుతుంది. అలాంటి చోట మోటారు ఇచ్చే సహాయాన్ని మొదటి మెట్టుకు తగ్గించి, బయలుదేరడానికి మాత్రం త్రాటిల్‌ను కొంచెంగా వాడడం అలవాటు చేసుకున్నాను. తొక్కుడు బలాన్ని కొలిచే టార్క్ సెన్సరు ఉన్న కిట్లలో ఈ బాధ ఉండదు, వాటి ధర మరికొన్ని వేలు ఎక్కువ. ట్రాఫిక్‌లోనే ఎక్కువ దూరం వెళ్లేవారికి ఆ తేడా పెట్టడం దండగ కాదు.

బ్రేకు నొక్కగానే మోటారును ఆపే లివర్లను తప్పకుండా బిగించాలి, వైర్లు ఎక్కువవుతున్నాయని కొందరు మెకానిక్కులు వాటిని పక్కన పడేస్తారు, ఒప్పుకోకూడదు. ఈ లివర్లు కేబుల్ బ్రేకులకే సరిపోతాయి, ద్రవపు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులున్నవారు వాటికి తగిలించే విడి సెన్సర్లు తీసుకోవాలి. రబ్బరు కట్టలతో రిమ్మును పట్టే పాత బ్రేకుల మీద ఈ కిట్టు పెట్టవద్దని చెబుతాను, ముఖ్యంగా వానలో ఎండాడ నుంచి దిగేటప్పుడు అవి పట్టు చాలవు. కేబుల్ డిస్కు బ్రేకులైనా ప్యాడ్లు మునుపటికంటే త్వరగా అరుగుతాయి.

సముద్రం పక్కన ఉన్నందుకు ఈ కిట్టుకు వచ్చే జబ్బు కనెక్టర్ల చిలుము. సాయంత్రాలు సాగర్ నగర్, జోడుగుళ్లపాలెం మీదుగా బీచ్ రోడ్డు నుంచి తిరిగి వస్తుంటాను, ఆ ఉప్పుగాలి దేన్నీ వదలదు. వర్షాకాలం చివర ఒకసారి ఎత్తులో మోటారు గిజగిజ కొట్టుకుని ఆగింది. మోటారు వైరు కనెక్టరు విప్పి చూస్తే లోపలి సన్న పిన్నుల్లో రెండింటికి పచ్చటి చిలుము పట్టి ఉంది. మోటారులో తిరిగే భాగం ఏ స్థితిలో ఉందో కంట్రోలరుకు చెప్పే హాల్ సెన్సర్ల పిన్నులవి, వాటి కబురు అందకపోతే ఏ తీగకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో కంట్రోలరుకు తెలియదు. కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, ఆరనిచ్చి, సిలికాన్ గ్రీజు పూసి మూస్తే మళ్లీ మామూలుగా నడిచింది. తీరప్రాంతంలో ఉండేవారు బిగించిన రోజే అన్ని కనెక్టర్లకూ ఆ గ్రీజు పూయాలి. వైరు ఇరుసులోకి చేరే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా కట్టాలి, అప్పుడు వాన నీరు వైరు వెంట మోటారులోకి పోకుండా వంపు దగ్గరే కారిపోతుంది. వానలో వెళ్లడం వల్ల ఏమీ కాదు, మోకాలి లోతు నీళ్లలో చక్రం మునిగేలా నడపడం మాత్రం మోటారుకు హాని.

అమ్మకం తరువాతి సేవ గురించి మంచిమాట చెప్పలేకపోతున్నాను. వైర్ల పటం అడిగితే రంగులు సరిగా కనిపించని ఫొటో పంపారు, పెడల్ సెన్సరు ఒక్కటే విడిగా కావాలంటే నెల రోజులు సమాధానం లేదు. మామూలు స్టాండర్డ్ కనెక్టర్లున్న కిట్టు కావడం వల్ల వేరేచోట దొరికిన సెన్సరు సరిపోయింది. తన సొంత ఆకారంలో ప్లగ్గులు పెట్టే కిట్లు చూడడానికి నీటుగా ఉంటాయి, కాని ఆ కంపెనీ చేతులెత్తేస్తే మొత్తం కిట్టు పనికిరాకుండా పోతుంది. అందుకే పిన్నుల సంఖ్య, కనెక్టరు రకం ముందే అడిగి తెలుసుకుని, విడిభాగాలు నాలుగుచోట్ల దొరుకుతాయని తేలాకే డబ్బు కట్టాలి.

బ్యాటరీ ఏదో ఒకనాటికి నీరసించక తప్పదు, అప్పుడు దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయకూడదు. సుత్తితో పగలగొట్టి రాగి తీసుకునే చోట ఆ సెల్లులు అంటుకుంటాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. కిట్టు కొనేటప్పుడే, పాత బ్యాటరీని ఎక్కడ తీసుకుంటారు, కొత్తది విడిగా ఎంతకు ఇస్తారు అన్న రెండు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. జవాబు ఇవ్వలేని దుకాణంలో ధర ఎంత తక్కువైనా కొనవద్దు.